అప్పడం అల్లుడి రిమ్ములు

మా అత్తగారి ఊరు కార్వేటినగరం. ఆ ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి లేడు. ఇరవై ఆరేళ్ళుగా నేనక్కడ అప్పడం అల్లుణ్ణి. బస్సు దిగి టీ కొట్టు ముందు నిలబడితే చాలు, "రేయ్, అప్పడం అల్లుడొచ్చినాడు, ఇంకో టీ పొయ్యి" అని కేక పడుతుంది. తిరుపతిలో నేను కాలేజీ ఆఫీసులో పెద్ద గుమాస్తాని. నా బల్ల దాటకుండా ఒక్క సర్టిఫికెట్టు బయటికి పోదు. ప్రిన్సిపాలు కూడా నన్ను 'మీరు' అంటాడు. అలాంటి మనిషిని పట్టుకుని అప్పడం అంటే ఒళ్ళు మండదా?

ఆ పేరు పెట్టిన మహానుభావుడు మా ఆవిడ అన్న, అంటే మా బావ. కారణం ఒక సైకిలు రిమ్ము.

పెళ్ళైన మూడో నెల. అప్పట్లో నా ఉద్యోగం పుత్తూరులో. అక్కడ చిన్న ఇల్లు తీసుకుని, ఆమెను కాపురానికి తీసుకుపోదామని సైకిలు మీద అత్తగారింటికి వెళ్ళాను. పెట్టెలూ గిన్నెలూ బావ బస్సులో తెస్తానన్నాడు. మేమిద్దరం మాత్రం పుత్తూరు దాకా సైకిలు మీదే పోవాలని ముచ్చటపడ్డాం. ఆమె క్యారియర్ మీద కూర్చుని ఒళ్ళో ఒక గుడ్డసంచి పెట్టుకుంది. "ఏముంది అందులో?" అంటే "చీరలు" అంది. పెడలు తొక్కితే కదలదే! చెమటలు కారిపోతున్నాయి. కానీ కొత్త పెళ్ళాన్ని 'ఇంత బరువున్నావేంటే' అని అడిగే మొగుడు ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు. పళ్ళు బిగించి తొక్కాను. వీధి మలుపులో చిన్న గుంత. అంతే. వెనక రిమ్ము కాగిన నూనెలో వేసిన అప్పడంలాగా వంకర తిరిగిపోయింది. ఆమె సంచితో సహా ధబ్బుమని రోడ్డు మీద కూలబడింది.

వీధి వీధంతా బయటికొచ్చింది. మా అత్త పరుగున వచ్చి ముందు సంచిని ఎత్తుకుని లోపలికి పోయింది. తర్వాత వచ్చి కూతుర్ని లేపింది. మా ఆవిడ మొహం కందిపోయింది, కళ్ళ నిండా నీళ్ళు. ఆమెను ఎవరైనా ఏమైనా అంటారేమోనని నేనే ముందుగా గట్టిగా చెప్పేశాను. "తప్పు నాదే. తళతళ సూసి నాసిరకం రిమ్ము ఏయించినాను" అన్నాను. మా బావ ఆ వంకర చక్రాన్ని ఊడదీసి, రెండు చేతులతో పైకెత్తి, ఊరేగింపులో పటం చూపించినట్టు అందరికీ చూపించాడు. "సూడండప్పా, మా ఇంటల్లుడు అప్పడం మీద వచ్చినాడు!"

ఆ రోజు మేం బస్సులోనే పుత్తూరు చేరాం. ఆ తర్వాత మా ఆవిడ నా సైకిలెక్కలేదు. సంతకైనా, గుడికైనా, ఆసుపత్రికైనా బస్సు, లేకపోతే ఆటో, అదీ లేకపోతే నడక. నేను ఆ సైకిలుకి అంగళ్ళలో ఏడుసార్లు రిమ్ములు మార్పించాను. ప్రతిసారీ "ఇది గట్టిది, ఎక్కు" అన్నాను. ప్రతిసారీ ఆమె "నాకు పనుండాది" అంది. ఆమెకు నా సైకిలు మీద నమ్మకం లేదు, నా మీదా లేదు అనుకున్నాను. నవ్వుతూనే తిరిగాను కానీ, లోపల అది నన్ను కొరుకుతూనే ఉంది.

ఈ మామిడికాయల కాలంలో మా బావ తోతాపురి కాయల బండి తోలుకుని తిరుపతికి వచ్చి, మా ఇంట్లో భోజనానికి దిగాడు. సంగటి, అందులోకి చెనక్కాయల పచ్చడి, మా పక్క దాన్ని ఊరిబిండి అంటారు. రెండు ముద్దలు మింగి బావ చెయ్యాపాడు. "ఏమ్మే, ఇది అచ్చం అమ్మ చేసే ఊరిబిండి మాదిరే ఉండాదే! మా ఇంట్లో మిక్సీలో ఏస్తే ఈ రుచి రాదు." మా అత్త పోయి ఆరేళ్ళు. మా ఆవిడ గబగబా "మజ్జిగ పోసుకోన్నా" అని చెంబు వంచేసింది. అన్నం వడ్డించకముందే మజ్జిగేంటని నేను అనుకున్నాను.

చేయి కడుక్కుని బావ అసలు సంగతి చెప్పాడు. కూతురికి సంబంధం కుదిరింది. శుభకార్యాలు చెయ్యని ఆడిమాసం రాకముందే నిశ్చితార్థం. "పెండ్లికొడుకు వాళ్ళకు మా అప్పడం అల్లుడి కత సెప్పినా బావా. నవ్వి నవ్వి సచ్చినారు. నిన్ను సూడాలంట!"

ఇప్పటిదాకా ఒక్క ఊరికే తెలుసు. ఇక ఆ పిల్లాడి ఊరికీ తెలిసిపోతే, నా పరువు మండలాలు దాటుతుంది. "బావా," అన్నాను లేచి నిలబడి, "నిశ్చితార్థం నాడు అదే వీధిలో, అదే సైకిలు మీద, మీ సెల్లెల్ని ఎక్కించుకుని ఆ మలుపు దాటి పోతా. రిమ్ము వంగకపోతే ఆ పేరు మానేస్తావా?"

"మానేస్తా. వంగితే?"

"సచ్చేదాకా అదే పేరు."

బావ చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు. నేను మా ఆవిడ వైపు తిరిగాను. ఆమె గిన్నె తోముతూనే ఒక మాట అంది. "నీ మాట నేను నమ్మను. మెకానిక్కెవరైనా సెప్తే ఎక్కుతా." ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి 'ఎక్కుతా' అన్న మాట విన్నాను. అదే నాకు కొండంత.

నాకు తెలిసిన మెకానిక్కు అంగడి కొర్లగుంటలో. మనిషిది నగరి పక్క, మాటలో అరవం పలుకుతుంది. విషయం విని ముందు తాపీగా బీడీ ఆర్పాడు. "స్టీలు రిమ్ము వద్దు సామీ. బరువు, తుప్పు. వానలో బ్రేకు పట్టదు. అల్యూమినియంలో ఒక్క గోడది వద్దు, అది నీకాడికి రాకముందే వంగతాది. లోపల రెండు గోడలుండేది తీసుకో. బొక్క బొక్కకూ సిన్న కమ్మ బిగించి ఉంటాది సూడు, ఆడపిల్ల సెవికి మాదిరి, అది మేలు. ఎక్కువ ధరదీ వద్దు, మరీ సవకదీ వద్దు. పాత చక్రాలకు స్పోకులు ఎన్నుండాయో లెక్కబెట్టుకో. రిమ్ముకు అన్నే బొక్కలుండాల."

ఇంటికొచ్చి సైకిలును తలకిందులుగా నిలబెట్టాను. లెక్కబెట్టడం నాకు కొత్తా? ఆఫీసులో ఫైలు కట్టేటప్పుడు మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా వరసగా నంబర్లు వేస్తాం. మధ్యలో ఆపడం, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టడం మా సర్వీసులోనే లేదు. అట్లాగే ముందు చక్రంతో మొదలుపెట్టి, వెనక చక్రంతో ముగించాను. మొత్తం డెబ్బై రెండు. రెండు చక్రాలు కాబట్టి చక్రానికి ముప్ఫై ఆరు. కాగితం మీద రాసి, కింద గీత గీసి, చిన్న సంతకం కూడా పెట్టాను.

ఇక రిమ్ముల వేట. పొద్దున్నే రంగురంగుల బిగుతు బట్టలేసుకుని నాయుడుపేట దాకా సైకిళ్ళు తొక్కి, ఇడ్లీ తిని వచ్చే కుర్రాళ్ళున్నారు కదా, వాళ్ళలో ఒకణ్ణి ఆపి నీ రిమ్ము ఎంతయ్యా అని అడిగాను. వాడు చెప్పిన ధర విని, ఆ చక్రం మీద వేసిన చెయ్యి వెంటనే తీసేశాను. తర్వాత స్టేషను దగ్గర సైకిలు సామాన్ల అంగడికి పోయాను. ఉన్న రిమ్ములన్నీ దించమన్నాను. చెవి దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటీ కొబ్బరికాయ కొట్టి చూసినట్టు వేలితో కొట్టి చూశాను. నేల మీద పెట్టి, ఒక కన్ను మూసుకుని వంకర చూశాను. మధ్యలో నిలబడి రెండు పక్కలా నొక్కి చూశాను. అంగడాయన "సామీ, పెండ్లిసూపుల్లో కూడా ఇంత సూడరు" అన్నాడు. చివరికి రెండు గోడలవి, కమ్మలున్నవి, చేతికందే ధరలో దొరికాయి. ముప్ఫై ఆరు బొక్కలవి ఒక జత తీసుకుని, భుజానికొకటి తగిలించుకుని బయటికొచ్చాను. గంపెడాశతో ఉన్నాను, కాబట్టి నేరుగా మెకానిక్కు దగ్గరికి పోవాల్సినవాణ్ణి ఇంటికి పోయాను. అక్కడే కొంప మునిగింది.

మా తిరుపతిలో కొత్త బండి కొంటే అలిపిరికి తీసుకుపోయి పూజ చేయించడం ఆనవాయితీ. కారైనా, ఆటో అయినా, చివరికి వాడిన స్కూటరైనా సరే. "బండికైతే పూజ చేస్తారు, చక్రాలకెందుకు?" అన్నాను. "ఇన్నేండ్లుగా తప్పంతా చక్రానిదే గదా" అంది మా ఆవిడ. రిమ్ములు ఆమె ముందు పెట్టాను. ఆమె రిమ్ములకు పసుపు పూసి, ఓపిగ్గా బొక్క బొక్కకూ కుంకుమ బొట్టు పెట్టింది. "దీనికి ముప్ఫై ఆరు, దానికీ ముప్ఫై ఆరు" అని లెక్క కూడా చెప్పింది.

అలిపిరిలో పూజారి అటూ ఇటూ చూశాడు. "బండి యాడ సామీ?"

"వస్తుంది. ముందు చక్రాలు తెచ్చినాము."

ఆయన కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ కొట్టి, రెండు నిమ్మకాయలు నేల మీద పెట్టి తొక్కించమన్నాడు. టైరు లేని రిమ్ము నిమ్మకాయను ఎట్లా తొక్కుతుంది? నేను వెనక నుంచి ఒక తోపు తోశాను. మొదటిది నిమ్మకాయ తగిలి పక్కకు పడింది. రెండోది నిమ్మకాయ మీద నుంచి ఎగిరి పల్లానికి పట్టింది. పసుపు పూసుకుని, కుంకుమ బొట్లతో, రోడ్డు నడుమ తళుక్కుమంటూ ఒంటరిగా పోతోంది. వెనక నేను. "పట్టుకోండప్పా!" అని నేను అరుస్తుంటే, కొండెక్కడానికి వచ్చిన జనం దారి ఇచ్చి "గోవిందా!" అంటున్నారు. ఒక పెద్దామె దండం కూడా పెట్టుకుంది. చివరికి అది టెంకాయల బండికి తగిలి ఆగింది. ఒక్క సొట్ట పడలేదు. రొప్పుతూనే "సూసినావా, ఎంత గట్టిదో!" అన్నాను. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగి నిలబడింది.

మరునాడు మెకానిక్కు రిమ్ములు చూసి, నన్ను చూసి, మళ్ళీ రిమ్ములు చూశాడు. "సార్, నీ పాత సైకిలుకు ముందర ముప్ఫై రెండు, ఎనక నలభై స్పోకులు గదా? తాతల కాలం నుంచి అంతే గదా?"

"మొత్తం డెబ్బై రెండే కదా!"

"మొత్తం సరే. ఎనక మిగిలే నాలుగు స్పోకులు ముందరికి పోయి కూసుంటాయా?"

సంతకం పెట్టిన కాగితం జేబులో మెత్తగా నలిపేశాను. రిమ్ములు వాపసు ఇద్దామని అంగడికి పోతే, అంగడాయన పసుపు కుంకుమ చూసి చెప్పులు విడిచి, రిమ్ములకు రెండు చేతులూ తాకించి కళ్ళకద్దుకున్నాడు. "ఇది ఇంక నీ ఇంటి బిడ్డ సామీ. బొట్టు పెట్టినాక వాపసు తీసుకుంటే నా అంగడికి మంచిది కాదు" అన్నాడు. తుడిచేస్తానన్నాను. "అయ్యయ్యో, నోట్లో నుంచి అట్లాంటి మాట రానీకు!" అని నామీదే కేకలేశాడు. చేసేదేముంది, ముప్ఫై ఆరు స్పోకులు పట్టే ఇరుసు హబ్బులు రెండు అక్కడే కొనుక్కుని వచ్చాను. మెకానిక్కు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. "ముప్ఫై ఆరుకు ముప్ఫై ఆరు. జాతకాల్లో మాదిరి గుణాలన్నీ కలిసినాయి. ఇంక పెండ్లి సేసేయొచ్చు. కానీ ఎనక నాలుగు స్పోకులు తగ్గినాయి. బరువెంతో సరిగ్గా సెప్పాల. ఆమెను కూడా పిల్సుకరా."

మా ఆవిడ వచ్చింది. మెకానిక్కు ముందు నన్నే అడిగాడు. కడుపు లోపలికి పీల్చి "ఎనభై మూడు" అన్నాను.

"ఏమయ్యా!" అంది మా ఆవిడ. "పోయిన నెల కొండ మీద తులాభారంలో కూసుంటివే, నీ ఎత్తు బెల్లం తొంభై ఏడు కిలోలు తూగె గదా! దేవుడికాడ తొంభై ఏడు, ఈడ ఎనభై మూడా?"

"అది బట్టలతో కలిపి."

"పద్నాలుగు కిలోల బట్టలా? పంచె కట్టుకున్న్యావా, పరుపు కట్టుకున్న్యావా?"

పక్కన పంక్చర్ వేయించుకుంటున్న ఆటో డ్రైవరు కూడా నవ్వాడు. మెకానిక్కు మాత్రం నవ్వకుండా తొంభై ఏడు అని గోడ మీద సుద్దతో రాసుకుని ఆమె వైపు తిరిగాడు. "నువ్వు సెప్పమ్మా. ముందర ఎప్పుడన్నా ఈ సైకిలెక్కినావా? అప్పుడు ఎంత బరువు పడి వంగిందో తెలిస్తే, నేను దానికి తగినట్టు బిగిస్తా."

ఆమె నా వైపు చూసింది. "నువ్వు పోయి టీ తాగిరాపో."

ఆడవాళ్ళు బరువు చెప్పుకోవడానికి సిగ్గుపడతారు కదా అని పోయాను. టీ కొట్టు నుంచి చూస్తున్నాను. ఆమె వంగి ఏదో చెప్పింది. మెకానిక్కు చేతిలో స్పానరు కింద పెట్టి, పొట్ట పట్టుకుని, స్టూలు మీద నుంచి పడబోయేంతగా నవ్వాడు. మా ఆవిడ బరువుకు అంత నవ్వొస్తుందా అని నాకు కోపమొచ్చింది. నేను తిరిగి రాగానే కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు. "సార్, ఇంక నీ పాత రిమ్మును తిట్టొద్దు. పాపం, అది మంచిదే." ఎగతాళి అనుకున్నాను.

రెండు రోజుల్లో చక్రాలు కట్టాడు. స్పోకులు ఒకదాని మీద ఒకటి అల్లి, ఒక్కొక్కటీ వేలితో మీటి, చప్పుడు తేడా వస్తే మళ్ళీ బిగించి, తిప్పి తిప్పి బెండు తీశాడు. చివరగా చక్రం తిప్పితే నిలబడి ఉన్నట్టే కనిపించింది. "ఎక్కు తల్లీ, నాదీ పూచీ" అన్నాడు మా ఆవిడతో. ఆమె అప్పుడు ఎక్కలేదు. "ఆడే ఎక్కుతా" అంది.

నిశ్చితార్థానికి ముందు రోజు బావ మళ్ళీ కాయలు తెచ్చి దించేసి, ఖాళీ బండిలో సైకిలు వేసుకుపోయాడు. మేం బస్సులో వెళ్ళాం. తాంబూలాలు మార్చుకున్నాక, భోజనాలకు ముందు, బావ పెళ్ళికొడుకు వాళ్ళందర్నీ వీధిలోకి పిలిచాడు. అరుగుల మీద జనం. మేడల మీద జనం. టీ కొట్టువాడు కొట్టు వదిలేసి వచ్చాడు. మా ఆవిడ పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని, ఒక్కసారి కళ్ళు మూసుకుని, క్యారియర్ మీద కూర్చుంది. నా చొక్కా గట్టిగా పట్టుకుంది. ఎందుకు దాచాలి, భయపడ్డాను.

తొక్కాను. ఆశ్చర్యం, పెడలు సులువుగా కదిలింది! ఆమె అప్పటికన్నా లావైంది, నేనూ లావయ్యాను, అయినా సైకిలు ఆ రోజు కన్నా తేలిగ్గా పోతోంది. రెండు గోడల రిమ్ము మహిమ అనుకున్నాను. మలుపు వచ్చింది. గుంత అక్కడే ఉంది. ఇరవై ఆరేళ్ళలో అది కూడా నాలాగే లావెక్కింది. ముందు చక్రం దిగింది, లేచింది. వెనక చక్రం దిగింది, లేచింది. ఏమీ కాలేదు! వీధంతా చప్పట్లు. నేను ఆగకుండా వీధి చివర చింతచెట్టు దాకా తొక్కాను.

"ఏమయ్యా" అని వెనక నుంచి వినబడింది.

"ఏంది? సూసినావా రిమ్ము?"

"ఆ పొద్దు నా ఒళ్ళో ఉన్నింది చీరలు కాదు."

"మరేంది?"

"మా అమ్మ సన్నికల్లు."

బ్రేకు పట్టి కాళ్ళు కింద ఆనించాను.

"వదినకు తెలీకుండా అమ్మ దొంగతనంగా ఇచ్చింది. బిడ్డకు ఊరిబిండి రుచి తగ్గకూడదని. రాయీ, నూరే గుండూ రెండూ సంచిలోనే ఉన్నాయి. తర్వాత బియ్యం మూటలో దాచి అమ్మే మనింటికి తెచ్చింది. దాన్ని దొంగలు ఎత్తుకపోయినారనే వదిన ఇప్పటికీ అనుకుంటాది. ఆ పొద్దు నువ్వు అందరి ముందరా 'తప్పు నాదే' అంటివే, నాకు భూమిలోకి పోదామా అనిపించింది. ఈ సైకిలెక్కితే నీకు సెప్పేస్తానేమోనని ఎక్కలేదు."

వాళ్ళ వదిన మా ఇంటికి వచ్చినప్పుడల్లా మా ఆవిడ వంటింటి మూలలోని సన్నికల్లు మీద గోనెసంచి కప్పి, దాని మీద ఉల్లిపాయల బుట్ట పెట్టేది. శుభ్రత అనుకున్నాను! ఏడు జతల రిమ్ములను బూతులు తిట్టాను. ఇరవై ఆరేళ్ళు అప్పడాన్నయ్యాను. అదంతా ఒక రాయి చేసిన పని. ఆ రాతితో నూరిన ఊరిబిండి రోజూ లొట్టలేసుకుంటూ తిన్నాను. ఒళ్ళంతా మండిపోయింది. వెనక్కి తిరిగి, వీధి నడుమ నిలబడి, నిజం అరిచి చెప్పాలనిపించింది. సైకిలు తిప్పాను. ఆమె నా చొక్కా మాత్రం వదల్లేదు.

బావ ఎదురొచ్చాడు. పక్కన బావ భార్య, పెళ్ళికొడుకు, వాళ్ళ నాయన. ఇంటి లోపల గోడ మీద మా అత్త ఫోటోకి ఆ రోజు వేసిన మల్లెపూల దండ వీధిలోకి కనిపిస్తోంది. "ఓడిపోయినా బావా. ఇంక ఆ పేరు తియ్యను" అన్నాడు బావ. "కానీ నిజం సెప్పు, ఆ పొద్దు తప్పు రిమ్ముదే గదా?"

అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. వెనక చొక్కా బిగిసింది.

"నాదే బావా," అన్నాను. "రిమ్ము తెచ్చింది నేను గదా. నాసిరకం. పేరు మార్చొద్దులే, అలవాటైపోయింది. కొత్తల్లుడికి కూడా అట్లనే సెప్పు."

అందరూ నవ్వారు. నేనే అందరికన్నా గట్టిగా నవ్వాను. చొక్కా మీద పట్టు సడలింది కానీ, చెయ్యి అక్కడే ఉండిపోయింది. భోజనాల్లో మా ఆవిడే వడ్డించింది. అందరికీ ఒక్కో అప్పడం, నా ఆకులో నాలుగు.

సాయంత్రం బయలుదేరేటప్పుడు బావ సైకిలును బండిలో ఎక్కించబోతే ఆమె ఆపింది. "పుత్తూరు దాకా దీని మీదే పోతాంలేన్నా. ఆ పొద్దు పోలేదు గదా" అంది. వాళ్ళ వదిన పెట్టిన గుడ్డసంచి ఒకటి ఒళ్ళో పెట్టుకుని క్యారియర్ మీద కూర్చుంది.

"ఏముంది అందులో?" అన్నాను.

"చీరలు."

నేను సైకిలు స్టాండు వేసి, సంచి ఎత్తి, బరువు చూసి, లోపల చెయ్యి పెట్టి చూశాను. చీరలే. అప్పుడే పెడలు మీద కాలు పెట్టాను.